సైనికుని యింటి క్రొత్తకోడలు

మా పాఠశాలలో చదువు ముగించి వెడలిన బాలికలు పెండ్లి శుభలేఖలతో మరల మా గడప త్రొక్కుట మాకు క్రొత్త గాదు. నిరుటి వానకాలమున వచ్చిన యొక బాలిక మాత్రము శుభలేఖ తేలేదు. ఆమె వివాహ మప్పటికి రెండు మాసముల క్రిందటనే జరిగిపోయినది. మేమును ఆ విందు నారగించిన వారమే. ఈ పర్యాయ మామె చేతిలో నొక ప్లాస్టిక్ సంచియు, దానిలో నాలుగైదు కాగితములును గలవు. "సారూ, నేను నేనే అని ఒక కాగితం కావాల్నట" అని నవ్వుచు చెప్పినది. ఆ నవ్వు ముగియక మునుపే కన్నులు చెమ్మగిల్లెను.

ఆ బాలిక మన గోపన్‌పల్లి వాస్తవ్యురాలే. పెనిమిటి ఫిరంగిదళమున సిపాయి. అతడు శిక్షణ పొందినది దూరదేశమున గాదు. 1962లో స్థాపింపబడిన గోల్కొండ ఫిరంగిదళ శిక్షణ కేంద్రముననే. శిక్షణ ముగిసినపిదప ఉత్తరపు సరిహద్దు కొండలకు పంపబడెను. సెలవుమీద వచ్చి, మే మాసమున మన సంఘ దేవాలయములో వివాహమాడి, పదునెనిమిదవ నాడు మరల రైలెక్కెను. పందిరి గుంజలు పెరికిన గుంటలైన పూడకమునుపే వరుడు లేని యింట వధువు మిగిలెను.

గోపన్‌పల్లి పేరు చెప్పినచో నేడు జనులకు తోచునది అద్దాల మేడలును, కంప్యూటరు కొలువులును మాత్రమే. అల్లుడన్నచో గచ్చిబౌలి కంపెనీలో కూర్చుండువాడే యని పట్టణపువారి యూహ. కాని యీ ప్రాంతమునకు సిపాయి యల్లుడు నిన్న మొన్నటివాడు గాడు. 1806లో నిజాము సికందర్ జా పేరిట సికిందరాబాదు దండువిడిది ఏర్పడినది మొదలు చుట్టుపట్ల గ్రామములకు సైన్యముతో సంబంధము తెగలేదు. మా పాఠశాల పిల్లవాండ్రును ప్రతి సంవత్సరము కొందఱు సైన్యపు ఎంపికకై తెల్లవారుజామున మైదానములో పరుగెత్తుచునే యున్నారు. వారు చేరు కొలువును గూర్చి సభలలో ఉపన్యాసములు వినుచుందుము. వారిని పెండ్లాడు బాలికల కేమి జరుగునో, ఏమి తెలిసియుండవలెనో చెప్పువారు మాత్రము అరుదు. అందుచేతనే యీ వ్యాసము.

మన పరిశుద్ధ గ్రంథమున ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో ఒక ధర్మము కలదు. క్రొత్తగా పెండ్లి చేసికొన్నవానిని యుద్ధమునకు పంపరాదు. అతనిపై మఱి యే పనియు మోపరాదు. అతడొక సంవత్సరము స్వేచ్ఛగ నింట నుండి తాను పెండ్లాడినదానిని సంతోషపెట్టవలెను. మూడువేల యేండ్లనాటి యొక చిన్న జాతి, చుట్టును శత్రువు లుండగా, ఇట్టి చట్టమును చేసికొనుట మాకు మిక్కిలి ఆశ్చర్యకరముగ తోచును. ఆ చట్టము వరుని శౌర్యమును గూర్చి మాటాడక వధువు సంతోషమును గూర్చి మాటాడినది. నేటి సైన్యములలో నట్టి సంవత్సరము లేదు. మన సైన్యమున సిపాయికి సంవత్సరమునకు 60 దినముల వార్షికపు సెలవును, 30 దినముల ఆకస్మికపు సెలవును గలవు. అవియు దళమున కొలువు పరిస్థితి యనుమతించినప్పుడే. ఆ దినములలోనే పెండ్లిచూపులు, పెండ్లి, చర్చి ప్రకటనలు, చుట్టపు చూపులు అన్నియు జరుగవలెను. వధువున కొక సంవత్సరమునకు బదులుగ నేడు లభించునది కొన్ని కాగితములు. ఈ మాట మేము హేళనగ చెప్పుట లేదు. ఆ కాగితములు సరిగ లేనిచో ఆమెకు లేశమైనను దిక్కులేదు గనుక, వాని సంగతి ముందుగ వివరింపవలెను.

సైన్యమునందు ఉత్తరువులు రెండు భాగములుగ వెలువడును. మొదటి భాగమున కవాతు, కాపలా మొదలగు దినచర్య. రెండవ భాగమున సిపాయి యొక్క సొంత వివరములు: సెలవు, పదోన్నతి, వివాహము, బిడ్డ పుట్టుట మొదలగునవి. దీనినే సిపాయీలు "పార్టు టూ ఆర్డరు" అందురు. పెండ్లి చేసికొన్న సిపాయి వివాహపు ధ్రువపత్రమును, భార్యాభర్తల జంట ఛాయాచిత్రమును తన దళపు కచ్చేరిలో నీయవలెను. ఆ కచ్చేరి యుత్తరువును వెలువరించి రికార్డు ఆఫీసునకు పంపును. ప్రతి దళమునకును ఒక రికార్డు ఆఫీసు కలదు. ఫిరంగిదళమువారిది నాసిక్ రోడ్డునందును, మద్రాసు రెజిమెంటువారిది నీలగిరులలోని వెల్లింగ్‌టనునందును, యంత్రమరమ్మతు దళమువారిది మన సికిందరాబాదునందే యున్నవి. అచ్చటి పుస్తకమున వధువు పేరు చేరువరకును ఆమె చర్చియెదుటను, చట్టమునెదుటను భార్యయేగాని, సైన్యమునెదుట భార్య గాదు. గుర్తింపు కార్డు రాదు, సైనిక వైద్యశాలలో చికిత్స జరుగదు, క్వార్టర్సునకై వరుసలో పేరు చేరదు, సరకుల క్యాంటీను తలుపు తెరచుకొనదు. ఇవి చిన్న సౌకర్యములు. ఇంకొకటి కలదు, దాని నెవరును పెండ్లియింట నుచ్చరింపరు. సిపాయికి ప్రమాదము వాటిల్లినయెడల, ఆమెకు రావలసిన కుటుంబ పింఛనుకు మూలమును ఆ పుస్తకములోని పంక్తియే.

ఇది నేటి చిత్రము మాత్రమే గాదు. సికిందరాబాదు, తిరుమలగిరి బారకాసులలో దొరతనమువారి తెల్ల సిపాయీలు కాపురమున్న కాలమున, పై యధికారి యనుమతి లేక సిపాయి పెండ్లాడరాదను కట్టడి యుండెడిది. నూటికి కొలదిమందికి మాత్రమే ఆ యనుమతి. అనుమతి పొందిన భార్య పేరు దళపు పట్టీలో నెక్కును. ఆమెకు బారకాసులో చోటును, రేషనును లభించును. అనుమతి లేక పెండ్లాడినదానిని దళము ఎఱుగదు. దళము సముద్రము దాటి పోవునప్పుడు ఆమె రేవున నిలిచిపోవలసినదే. 1813లో దండువారికై కట్టబడిన సికిందరాబాదు సెయింట్ జాన్ దేవాలయమున బలిపీఠము ముందర నిలువబడిన దంపతులలో పట్టీ కెక్కినవారెవరో, ఎక్కనివారెవరో దేవునికే తెలియవలెను.

ఇప్పుడు మా బాలిక చిక్కు వినుడు. ఇది తెలుగువారి చిక్కు. మా చేతి తప్పిదమును ఇందు కొంత కలదు. ఆమెను ఒకటవ తరగతిలో చేర్చుకొన్ననాడు ఇంటిపేరునకు బదులు ఒక్క యక్షరమును, చుక్కను వ్రాసి, పిదప సొంత పేరు వ్రాసితిమి. మనలో నందఱును చేయు పనియే. ఆ యక్షరమే పదవ తరగతి మెమోలో నెక్కినది. ఆధార్ కార్డులో ఇంటిపేరు పూర్తిగ నున్నది, కాని సొంత పేరు తరువాత. చర్చి వివాహపు పుస్తకములో పాదిరిగారు పెనిమిటి యింటిపేరుతో వ్రాసిరి. కాగితములు మూడు, పేర్లు మూడు, బాలిక యొక్కతె. మనకు చూచినంతనే యర్థమగును. ఎక్కడో ఉత్తరదేశమున కూర్చున్న గుమాస్తాకు అర్థమగునా? మనవైపు ఇంటిపేరు ముందును, సొంత పేరు వెనుకను వచ్చునని అతడెఱుగడు. చివరి మాటయే కులనామమని తలచును. ఒక చుక్క వెనుక నొక వంశమంతయు నిలిచియున్నదని అతనికెట్లు తెలియును? కాగితములు తిరిగి వచ్చినవి. మూడవ మాసము గడచినది.

చేయవలసిన పని యంత కష్టమైనది గాదు. మేము చేరిక పుస్తకమును తెరచి, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చదివిన తరగతులతో చదువు ధ్రువపత్రము నిచ్చితిమి. ఆ మూడు పేర్లును ఒక్కరివేయని నోటరీయెదుట ప్రమాణపత్రము వ్రాయించితిమి. క్రైస్తవ వివాహము 1872వ సంవత్సరపు చట్టము ననుసరించి జరిగినది గనుక పాదిరిగారి పుస్తకపు నకలు చెల్లును. ఇతరులు 2002వ సంవత్సరపు వివాహముల నిర్బంధ నమోదు చట్టము క్రింద నమోదు చేయించుకొనవచ్చును. తలిదండ్రులకు మా మనవి యొక్కటే. బిడ్డను బడిలో చేర్చునాడు ఇంటిపేరు చుక్కలో దాచక పూర్తిగ వ్రాయింపుడు. అన్ని కాగితములలోను అదే వరుసలో నుంచుడు. ఉపాధ్యాయులమైన మాకును ఈ మాట వర్తించును.

అయితే ఈ వ్యవహారమున మమ్ము మిక్కిలి కలచినది చుక్క గాదు. ఒకనాటి సాయంకాల మా బాలిక యత్తగారు తానే వచ్చిరి. కూలిపనులు చేసి యిద్దఱు కొడుకులను పెంచిన విధవరాలు. పెద్దవానిని సైన్యమునకు పంపినపుడు ఊరంతయు ఆమె ధైర్యమును మెచ్చుకొన్నది. బల్లమీద కూర్చుండక, స్తంభమునకు చేరగిలబడి యిట్లనిరి: "ఆరేండ్లు నా కొడుకు కాగితంల నా పేరే ఉండె సారూ. ఇప్పుడు నా పేరు తీసి పిల్ల పేరు పెడ్తరట. నేనేం తప్పు జేసిన?"

మే మప్పు డేమియు చెప్పలేకపోతిమి. ఆమె యడిగిన దానికి చట్టమున ఉత్తర మున్నది; ఆమె దుఃఖమునకు చట్టమున ఉత్తరము లేదు. సైన్యమున చేరినవాడు అవివాహితుడైనచో ఆపత్కాలమున మొదట తెలుపవలసిన దగ్గరి బంధువుగ తల్లినో తండ్రినో వ్రాసికొందురు. పెండ్లియైన పిదప ఆ స్థానమున భార్య పేరు వ్రాయుదురు. ఇది ఎవరో పన్నిన పన్నాగము గాదు, సైన్యపు నియమము. రెండవ దినమున నింటికి పోయి మేము వివరించిన దేమనగా: దగ్గరి బంధువన్న మాట వేఱు, సొమ్మునకు నామినీ యన్న మాట వేఱు. కుటుంబ పింఛను ముందుగ భార్యకు చెందును. కాని సిపాయి భీమాసొమ్మునకును, భవిష్యనిధికిని ఒకరికంటె నెక్కువమందిని నామినీలుగ వ్రాసి, ఎవరికెంత పాలో నిర్ణయింపవచ్చును. తల్లి తనపై నాధారపడి యున్నదని వ్రాయించినచో ఆమె వైద్యమును సైన్యమే చూచును. వీలునామాయు వ్రాయవచ్చును. ఇవన్నియు కొడుకు పూనుకొని వ్రాయవలెను. ఊరకుండినచో వాని యంతట జరుగవు. పెండ్లియైన మొదటి మాసముననే తల్లి యెదుటను భార్య యెదుటను కూర్చుండి, ఈ పాళ్లు మాటాడి వ్రాసికొనుట మేలని మా యభిప్రాయము. శుభకార్యపు వేళ నిట్టి మాటలా యని పెద్దలు కసరుకొందురు. కసరుకొననిండు. మాటాడని యిండ్లలో పిదప జరుగు వ్యాజ్యములు వార్తాపత్రికలలో మనము చదువుచునే యున్నాము.

తల్లి పేరు పుస్తకమున తొలగినంత మాత్రమున తల్లి తొలగదనుటకు మన రాష్ట్రముననే యొక దృష్టాంతము కలదు. సూర్యాపేటవాస్తవ్యుడగు కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 16వ బీహారు దళమున కధిపతియై, 2020 జూను 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో ప్రాణము లర్పించెను. మరుసటి సంవత్సరమున ఆయనకు మరణానంతరము మహావీరచక్రము ప్రకటింపబడెను. 2021 నవంబరులో రాష్ట్రపతి భవనమున ఆ పతకమును స్వీకరించుటకు ఆయన భార్యయు తల్లియు ఇరువురును కలసి ముందుకు వచ్చిరి. ఆ చిత్రమును మేము పత్రికనుండి కత్తిరించి మా తరగతిగోడకు నంటించియుంటిమి. అత్తగారి కా చిత్రమును చూపితిమి. చాలసేపు చూచిరి. ఏమియు ననలేదు. మఱునాడు కోడలితో కలసి నోటరీ యొద్దకు వచ్చిరి.

పేరెవరిదను ప్రశ్న మన తాతల కాలమునను గలదు. రెండవ ప్రపంచ సంగ్రామమున సిపాయి తన జీతములో కొంత భాగమును ఇంటి కలాటుమెంటుగ వ్రాయించినచో, అది మనియార్డరు రూపమున గ్రామమునకు చేరెడిది. ఎవరి పేర వ్రాయించుట? తల్లి పేరనా, భార్య పేరనా? పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువ మాధవరమను గ్రామము కలదు. ఇంటింటికి సిపాయి యుండుటచే "మిలిటరీ మాధవర" మని ప్రసిద్ధి. మొదటి ప్రపంచ సంగ్రామమునకు 90 మందియు, రెండవదానికి వేయిమందికి పైగను ఆ యొక్క యూరినుండియే పోయినట్లు గ్రామస్థులు లెక్క చెప్పుదురు. మృతవీరుల స్మారకస్తంభమును నిలిపికొని, నేటికిని తమ కుమారులను సైన్యమునకు పంపుచున్నారు. అట్టి గ్రామమున క్రొత్తకోడలికి ఇరుగుపొరుగే పాఠశాల. సెలవెప్పుడు వచ్చునో, పింఛను కాగిత మెట్లుండునో, జాబు రాని మాసమున నేమి చేయవలెనో పొరుగింటి ముసలమ్మ చెప్పును. గోపన్‌పల్లిలో మా బాలిక కట్టి పొరుగు లేదు. ఆమె వీధిలో పదునాలుగంతస్తుల మేడ యున్నది. అందులో నెవరు కాపురమున్నారో ఆమె యెఱుగదు.

ఇక నిరీక్షణ. పూర్వము జాబే యాధారము. మొదటి సంగ్రామమున ఫ్రాన్సుదేశమునుండి మన సిపాయీలు వ్రాసిన జాబులను అధికారులు చదివి, తగని మాటలు తొలగించి పంపెడివారు. భార్యకు చదువు రానిచో తపాలావాడో, బడిపంతులో చదివి వినిపింపవలెను. భార్యాభర్తల నడుమ నిందఱు చెవు లుండెడివి. నేడు వాట్సాపులో ముఖములు చూచుకొందురు. ఇది గొప్ప వరమే, కాని దీనికొక ముల్లు గలదు. జాబు రాకపోయినచో తపాలా ఆలస్యమని మనసునకు నచ్చజెప్పుకొనవచ్చును. ఫోను మ్రోగకపోయినచో గంటగంటకును గుండె కొట్టుకొనును. ఎత్తైన స్థావరములలో సంకేతము లందవు. కొన్ని వేళల ఫోను వాడుటయే నిషేధింపబడును. ఆ వేళల మౌనము కీడునకు గుర్తు గాదని భర్త ముందుగనే చెప్పిపోవలెను. వదంతులు మోయు వాట్సాపు గుంపులనుండి తొలగియుండుమని మే మా బాలికకు చెప్పితిమి. భర్త యెచ్చటనున్నాడో, ఎప్పుడు కదలునో బంధువులయెదుటనైనను చెప్పరాదనియు చెప్పితిమి. జాబు వ్రాయదలచినచో భర్త సంఖ్య, హోదా, పేరు, దళము వ్రాసి, క్రింద 56 ఏపీఓ యనియో, తూర్పువైపున నున్నచో 99 ఏపీఓ యనియో వ్రాయుదురు. ఊరి పేరు వ్రాయరు. కవరుమీద ఊరు లేకుండ నింటివానికి జాబు వ్రాయుట తనకు విచిత్రముగ నున్నదని యామె యన్నది. అయినను వారమున కొకటి వ్రాసినది. ఫోనులో చెప్పలేనివి కాగితముపై చెప్పవచ్చుననుట మాకు సంతోషము కలిగించెను. వ్యాసరచన నేర్పినందుల కిదియైన దక్కినది.

సరిహద్దున భార్య నుంచుకొనుటకు వీలులేదు. రెండు మూడేండ్ల కొకసారి దళము శాంతిస్థలమునకు దిగివచ్చినపుడు క్వార్టర్సు లభించును. అదియు వరుస వచ్చినప్పుడే. అప్పు డామె జీవితమున మఱియొక మార్పు. అత్తగారింటి వంటయింటినుండి వేయి మైళ్ల దూరమున రెండు గదుల యింటికి పోవును. ఆ యింటిలోని మంచములు, కుర్చీలు, పంకాలు సైనిక యింజినీరింగు శాఖవారివి. చేరునాడు పట్టీ ప్రకారము లెక్క చూచుకొని సంతకము చేయవలెను. విడుచునాడు అదే లెక్క యప్పగింపవలెను. విఱిగిన బల్బునకును జవాబు చెప్పవలెను. మొదటిసారి పోవువారు తొందరలో చూడకయే సంతకము చేసి పిదప డబ్బు కట్టుకొనుట మామూలు. గోడ పగుళ్లను, పగిలిన అద్దములను ఫోనుతో చిత్రము తీసి యుంచుకొనుట మేలని సైన్యమునుండి విరమించిన యొకరు మాకు చెప్పిరి.

ఇరుగున గఢ్వాలీ, పొరుగున అస్సామీ, ఎదురింట తమిళులు. అందఱికిని నడుమ హిందీ. ఈ విషయమున కోస్తా బాలికలకంటె మన హైదరాబాదు బాలికలకు కొంత మేలు గలదు. దక్కనీ వీధిలోనే నేర్చినవారు గదా. "నక్కో" యన్నచో అచ్చట నవ్వుదురు, నవ్వనిండు, పని జరుగును. పూజావిషయమున భయపడనక్కరలేదు. అనేక దళములందు సర్వధర్మస్థలమని యొకే ఆవరణమున అన్ని మతములవారి ప్రార్థనాస్థలము లుండును. ధర్మోపదేశకులుగ పండితులు, మౌల్వీలు, గ్రంథీలతోపాటు పాదిరీలను గూడ సైన్యమే నియమించును. తెలుగు కీర్తన వినబడదు గాని, ఆదివారమున నొంటరితన ముండదు.

1966లో స్థాపింపబడిన సైనికపత్నుల సంక్షేమ సంఘము కుట్టుపని, కంప్యూటరు, పిల్లల బడులు, వితంతువుల సహాయము మొదలగు మంచి పనులు చేయుచున్నది. క్రొత్తగా వచ్చిన కోడలు ఆ సమావేశములకు పోవుట మేలు; కాగితముల చిక్కులు విప్పుటకు అచ్చటనే దారి దొరకును. అయితే భర్తల హోదాను భార్యలు నెత్తిన పెట్టుకొని, సిపాయి భార్య నిలుచుండగా అధికారి భార్య కూర్చుండు వాడుక కొన్ని చోట్ల నున్నదని వినుచున్నాము. ఇది మాకు నచ్చదు. జీతము తీసికొనునది భర్త. కవాతుచేయు బాధ్యత భార్యకు లేదు.

ఉద్యోగపు సంగతి యింకను చిక్కైనది. మా పూర్వవిద్యార్థినియగు మఱియొక యామె చేరువ కంపెనీలో మంచి జీతమునకు పనిచేయుచు, వాయుసేనలో నున్నవానిని పెండ్లాడినది. భర్త మూడేండ్లకొకసారి బదిలీ యగుచుండ ఆమె యెన్నిసార్లు కొలువు మానవలెను? 2020 తరువాత ఇంటినుండి పనిచేయు పద్ధతి ప్రబలుటచే కొంత మేలు కలిగినది గాని, ఆ యనుమతి నిచ్చినవారే మరల తీసివేయుదురు. ఆమె గోపన్‌పల్లిలోనే యుండి, సెలవులకు తానే పోయి వచ్చుచున్నది. ఇది కాపురమా యని చుట్టములు గొణుగుదురు. వారిద్దఱును కూర్చుండి లెక్కవేసికొని యెంచుకొన్న దారి యది. మేము తప్పు పట్టము. పిల్లలు కలిగిన పిదప బదిలీల చదువు సమస్య వేఱు. అట్టివారికై 1963లో 20 సైనిక పాఠశాలలను చేర్చుకొని కేంద్రీయ విద్యాలయము లారంభింపబడినవి. ఊరు మాఱినను పుస్తకము మాఱదనుట వాని యుపయోగము.

పెండ్లిసంబంధము చూచు తలిదండ్రు లొక్క సంగతి విచారింపవలెను. 2022లో ప్రకటింపబడిన అగ్నిపథ పద్ధతి ప్రకారము చేరు అగ్నివీరులు చేరునాటికి అవివాహితులై యుండవలెను. వారి కొలువు నాలుగేండ్లు. అటుపిమ్మట నూటికి 25 మందికి మించకుండ మాత్రమే స్థిరముగ నిలుపుకొందుమని యప్పుడు చెప్పిరి. తక్కినవారికి కొంత సొమ్ము నిచ్చి పంపుదురుగాని పింఛను లేదు. కనుక "మిలిటరీ అల్లుడు" అన్న యొక్క మాటతో తృప్తిపడక, ఏ విధమైన కొలువో యడుగవలెను. కుమార్తెయే సైనికురాలగు కాలమును వచ్చినది: 1992నుండి స్త్రీలు వైద్యేతర శాఖలలోను అధికారులుగ చేరుచున్నారు; 2020 ఫిబ్రవరి 17వ తేదీన సుప్రీముకోర్టు వారికి శాశ్వతపు కొలువు హక్కును స్థిరపఱచెను. అప్పు డింట వేచియుండువాడు అల్లుడు.

మా బాలిక కాగితములు కార్తికమాసమున మూడవసారి పోయి, క్రిస్మసునకు ముందు అంగీకరింపబడెను. రెండవ భాగపు టుత్తరువు నకలును భర్త ఫోనులో పంపగా దానిని అచ్చు తీయించి మాకు చూపించినది. అందు తన పేరు మూడు మాటలలో నుండెను; ఒక్క చుక్కయు లేదు. ఫిబ్రవరిలో దళము శాంతిస్థలమునకు దిగివచ్చుటచే భర్త వచ్చి ఆమెను తోడ్కొని పోయెను. నల్ల రేకుపెట్టెపై తెల్లరంగుతో సంఖ్యయు పేరును వ్రాయబడి యుండెను. లోపల అత్తగారు పెట్టిన మామిడికాయ తొక్కు, జొన్నపిండి, ఒక తెలుగు బైబిలు. సికిందరాబాదు స్టేషనులో రైలు కదలువరకును అత్తగారు కోడలికి చెప్పినది తొక్కు సీసా మూత గట్టిగ బిగింపుమను మాట యొక్కటే.

ఈ జూను మాసమున ఆ యత్తగారే తమ చెల్లెలి మనుమరాలిని ఒకటవ తరగతిలో చేర్పించుటకు మా యొద్దకు వచ్చిరి. చేరిక పత్రమున మేము ఇంటిపేరు వ్రాయుచుండగా బల్లపైకి వంగి చూచి, పూర్తిగ వ్రాసితిమా యని యడిగి, మాచేత రెండుసార్లు చదివించుకొని పోయిరి.